కథల్లో రాక్షసులు మనిషి గురించి ఏం చెబుతారు?

మా చిత్తూరు పల్లెల్లో ధర్మరాజుల గుడి దగ్గర భారతం జరిగేటప్పుడు, బకాసుర వధ రోజున భీముడి బండి ఊరంతా తిరుగుతుంది. చిన్నప్పుడు నా చూపంతా బండిలోని తిండి మీదే. ఇప్పుడు ఆలోచిస్తే ఏకచక్రపురం జనమే కళ్లముందు మెదులుతారు. బండెడు అన్నం, రెండు దున్నపోతులు, ఒక మనిషి. ఇంటికో వంతు. తమ వంతు రానంతకాలం అందరూ నిద్రపోగలిగారు! బకుడి బలం కోరల్లో కన్నా ఆ వంతుల లెక్కలోనే ఎక్కువుందని నా నమ్మకం. వంతు వచ్చిన ఇంట్లో మాత్రం తండ్రి, తల్లి, కూతురు నేను పోతానంటే నేను పోతానని ఏడుస్తారు. మాటలు సరిగ్గా రాని పసివాడు గడ్డిపరక పట్టుకుని, దీంతో రాక్షసుణ్ణి చంపేస్తానంటాడు. ఊరి పిరికితనం, ఆ ఇంటి ప్రేమ రెండూ బయటపడింది బకుడి వల్లే.

తిరుపతి గంగమ్మ కథలో అయితే కోరలు కూడా లేవు. ఆడవాళ్లను చెరిచిన పాలెగాడు మామూలు మనిషే, చేతిలో అధికారం ఉన్నవాడు. అమ్మకు భయపడి దాక్కున్నాడు. ఆమె రోజుకో వేషంలో వెతికింది. చివరికి దొర వేషంలో వస్తేనే వాడు బయటికొచ్చాడు, చచ్చాడు. తనకన్నా పెద్ద అధికారం కనిపిస్తే తప్ప వాడు తల బయట పెట్టలేదు. జాతరలో మగవాళ్లు ఇప్పటికీ చీర కట్టి వీధుల్లోకి వస్తారు.