మీటింగ్ ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. మా ఆయన తాగుడు మానేస్తానంటున్నారు. ఇలాంటివాళ్లకి మీటింగులుంటాయట. ఎలా కనుక్కోవాలండీ? డబ్బు కట్టాలా? నలుగురికీ తెలుస్తుందని ఆయనకి టెన్షన్.

జవాబు: ఆ మాట ఆయన నోటే వచ్చింది కదమ్మా, ఆలస్యం చేయకండి. మీరు విన్నది ఆల్కహాలిక్స్ అనానిమస్ గురించే అయుంటుంది, తాగుడు మానాలనుకునేవాళ్లు కలుసుకుని ఒకరికొకరు తోడుండే సంఘం. 1935లో అమెరికాలో మొదలైంది, హైదరాబాద్‌లోనూ మీటింగులు జరుగుతాయి. ఫీజు లేదు, ఇంటిపేరు చెప్పక్కర్లేదు. మానాలన్న కోరిక చాలు. వాళ్ల వెబ్‌సైట్‌లో దగ్గరి మీటింగ్ చూసి, బయల్దేరేముందు ఫోన్ చేసి టైమ్, తెలుగులో మాట్లాడతారా అన్నది కనుక్కోండి.

మా అన్నయ్య మొదటిరోజు గేటు దగ్గరే పావుగంట నిలబడిపోయాడు. లోపల ఒక పెద్దాయన ఏమీ అడక్కుండా కుర్చీ జరిపి టీ ఇచ్చారు. అన్నయ్య చెయ్యి వణికి టీ చొక్కా మీద ఒలికింది. ఎవరూ తలెత్తి చూడలేదు. మళ్లీ వారం తనే వెళ్లాడు.

ఆ వణుకు గురించే నా భయం. రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదకీ రావచ్చు. ముందు డాక్టర్‌కి చూపించండి. ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. మత్తు అలవాట్లు మాన్పించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేసినా దారి చెబుతారు, ఉచితం. ఇంట్లోవాళ్లకి అల్-అనాన్ అని వేరే మీటింగులున్నాయి. మీరూ వెళ్లండమ్మా, ఆయన రానన్న రోజు కూడా.