వెటర్నరీ పబ్లిక్ హెల్త్‌లో పై శిక్షణకు వెళ్లొచ్చా? వెళ్తే ఏం చూసుకుని చేరాలి?

మీ ప్రశ్న ఇదీ: కొన్నేళ్లుగా క్లినిక్‌లో పశువుల్ని చూస్తున్నారు. ఇప్పుడు పశు ఆరోగ్యం, ప్రజారోగ్యం కలిసే చోట ఏదైనా పై శిక్షణ తీసుకోవాలని ఉంది. మాస్టర్స్ డిగ్రీ చేయాలా, ఫీల్డ్ ట్రైనింగ్‌కు వెళ్లాలా, ఆన్‌లైన్ సర్టిఫికెట్ సరిపోతుందా, వెళ్తే చేతిలో ఉన్న వైద్యం పోతుందా అని అడిగారు.

నేను ప్రాక్టీసు వదిలి ఫీల్డ్ ఎపిడమియాలజీ శిక్షణకు, అంటే జబ్బు వచ్చిన చోటికే వెళ్లి అది ఎవరికి, ఎలా పాకుతోందో కనిపెట్టే శిక్షణకు వెళ్లినదాన్ని. తర్వాత అందులోనే ఉండిపోయాను కాబట్టి నా మాటల్లో కొంత పక్షపాతం ఉంటుంది. నా సలహా అయితే వెళ్లమనే. కాకపోతే కొత్త జబ్బులు నేర్చుకుందామని మాత్రం వెళ్లకండి. ఆ పని ఇంట్లో కూర్చుని పుస్తకాలతోనూ అవుతుంది. అక్కడ ముఖ్యంగా నేర్పేది లెక్క. మన దగ్గరికి రాని పశువుల్ని కూడా లెక్కలోకి తీసుకోవడం.

మేకలు వరసగా ఈసుకుపోతున్నాయని, అంటే నెలలు నిండకుండానే చూడి పోతోందని కబురొస్తే మా బ్యాచ్‌ను పంపారు. మేం వెళ్లేసరికే అందరూ బ్రూసెల్లా (పశువుల్లో చూడి పోగొట్టి, మనుషులకూ అంటుకునే బ్యాక్టీరియా) అని తేల్చేసుకున్నారు. మేమూ అదే అనుకుంటూ రక్తం తీయడానికి సిద్ధమయ్యాం. మా సూపర్‌వైజర్ సిరంజిలు పక్కన పెట్టించి ముందు కాగితం తీయమన్నారు. గత మూడు నెలల్లో ప్రతి మందలో ఎన్ని చూడి మేకలున్నాయి, వాటిలో ఎన్ని ఈసుకుపోయాయి, ఎన్నో నెలలో, ఏ దొడ్డిలో, బయటనుంచి కొన్నవా అక్కడే పుట్టినవా అని ఒక్కో మేకకు ఒక్కో వరస రాయించారు. ఈసుకుపోని మేకలకు కూడా అవే ప్రశ్నలు. చిరాకేసింది. ఆరోగ్యంగా ఉన్న మేక గురించి అంత సేపు మాట్లాడటం క్లినిక్‌లో పనిచేసినవాళ్లకు అలవాటుండదు కదా.

ఆ పట్టీ పూర్తయ్యాక రెండు విషయాలు బయటపడ్డాయి. ఈసుకుపోయినవన్నీ దాదాపు చూడి చివరి నెలల్లోవే. రెండోది, ఆ ఇళ్లలో జ్వరం వచ్చిన మనుషుల జాబితా. పచ్చిపాలు తాగినవాళ్లలోనూ ఈనేటప్పుడు చెయ్యి పెట్టినవాళ్లలోనూ జ్వరాలుంటే బ్రూసెల్లాకు అతికేది. కానీ మేకల్ని ముట్టనే ముట్టని ఒకావిడకు, రోజూ ఎండిపోయిన దొడ్డి ఊడ్చి పెంట ఎత్తడమే పనైన ఆవిడకు, న్యుమోనియా వచ్చి ఉంది. జబ్బు దుమ్ములో వస్తోందన్న అనుమానం అక్కడ మొదలైంది. బ్రూసెల్లాను పట్టే రోజ్ బెంగాల్ రక్తపరీక్షలు నెగటివ్ వచ్చాయి. మాయ నుంచి తీసిన నమూనాల్లో పీసీఆర్‌కు కాక్సియెల్లా అనే బ్యాక్టీరియా దొరికింది. అంటే జబ్బు క్యూ ఫీవర్. మనుషుల రక్తపరీక్షలు మా బ్యాచ్‌లోనే ఉన్న ఒక డాక్టరు చేయించారు. ఈ సూక్ష్మజీవి ఈనినప్పుడు మాయతో, ఉమ్మనీటితో కుప్పలుగా బయటికొచ్చి, ఎండి, గాలిలో లేస్తుంది. నెదర్లాండ్స్‌లో 2007 నుంచి 2010 వరకు మేకల ఫారాల చుట్టుపక్కల నాలుగు వేల మందికి పైగా జబ్బుపడింది ఇలాగే. వాళ్లలో చాలామంది మేకల్ని దగ్గరగా చూసినవాళ్లు కూడా కాదు.

క్లినిక్‌లో కూర్చుని ఉంటే నేను బ్రూసెల్లా అనే రాసేదాన్నేమో. అలా రాసుంటే పాలు కాచుకోమని చెప్పి ఊరుకునేవాళ్లం. దొడ్డి తడిపి ఊడ్చమని, మాయల్ని పాతిపెట్టమని, గర్భిణుల్ని ఈనే చోటికి రానివ్వొద్దని ఎవరూ చెప్పేవారు కాదు.

ఇక టెస్టుల సంగతి. ఈ ఒక్క ముక్క కోసమైనా శిక్షణకు వెళ్లొచ్చంటాను. పది వేల పశువుల్లో నూటికొకదానికి జబ్బుందనుకోండి, అంటే 100. సెన్సిటివిటీ (జబ్బున్నదాన్ని పట్టే శక్తి), స్పెసిఫిసిటీ (జబ్బు లేనిదాన్ని లేదని చెప్పే శక్తి) రెండూ 95 శాతం ఉన్న టెస్టు పెడితే ఆ 100లో 95 పట్టుబడతాయి. బాగానే ఉంది. కానీ జబ్బు లేని 9,900లో కూడా 495 పాజిటివ్ చూపిస్తాయి. మొత్తం 590 పాజిటివ్‌లలో నిజంగా జబ్బున్నవి 95, ఆరింట ఒకటి. అదే టెస్టును నూటికి 30 పశువులకు జబ్బున్న చోట పెడితే పాజిటివ్ వచ్చినవాటిలో నూటికి 89 నిజమైనవే. టెస్టు మారలేదు, కిట్టు మారలేదు, కాగితం మీద వచ్చే మాటా మారలేదు. పశువును తీసేయమని రైతుకు చెప్పే ముందు ఈ తేడా తెలియాలి. తెలియకపోతే ఆరోగ్యంగా ఉన్న అయిదు గొడ్లను పంపేసి ఒక జబ్బు గొడ్డును తీశామని సంబరపడతాం. తిరగేసి చూసినా ఇంతే. పెద్ద మందలో 300 తలల్ని పరీక్షిస్తే ఒక్కటీ పాజిటివ్ రాలేదనుకోండి, మందలో జబ్బు లేదని రాసేయలేం. ఉంటే గింటే ఒక శాతానికి మించదని 95 శాతం నమ్మకంతో చెప్పగలం, అంతే.

వైద్యం మర్చిపోతానన్న మీ టెన్షన్ గురించి. సూది వేసే వేగం తగ్గుతుంది, ఆపరేషన్ చెయ్యి మొద్దుబారుతుంది, అది నిజం. కానీ క్లినిక్ ఇచ్చిన కన్ను ఎక్కడికీ పోదు. ఈ రంగంలో పనికొచ్చేది ఆ కన్నే. 1999లో న్యూయార్క్‌లో మనుషులకు మెదడువాపు వస్తే అది దోమల ద్వారా వచ్చే సెయింట్ లూయిస్ ఎన్‌సెఫలైటిస్ అని ప్రకటించారు. అప్పటికే ఊరంతా కాకులు రాలిపోతున్నాయి. బ్రాంక్స్ జూలో పాథాలజిస్టుగా ఉన్న పశువైద్యురాలు ట్రేసీ మెక్‌నమారాకు ఆ మాట మింగుడు పడలేదు. సెయింట్ లూయిస్ వైరస్ మామూలుగా పక్షుల్ని చంపదు. పోనీ గుర్రాలకూ పక్షులకూ వచ్చే ఈస్టర్న్ ఎక్వైన్ ఎన్‌సెఫలైటిస్ అనుకుందామంటే, దానికి తొందరగా చచ్చిపోయే ఈమూ పక్షులు జూలో నిక్షేపంగా తిరుగుతున్నాయి. మనుషుల జబ్బూ పక్షుల జబ్బూ ఒకటే అయ్యుంటుందని ఆవిడ పట్టుబట్టి నమూనాలు పంపించారు. చివరికి తేలింది వెస్ట్ నైల్ వైరస్, అమెరికా ఖండాల్లో అదే మొదటిసారి. చావని పక్షి కూడా సాక్ష్యమే అన్నది ఆవిడ వాడుకున్నారు. మేకల పట్టీలో మేం చేసిందీ అదే పని, చాలా చిన్న స్థాయిలో.

కబేళా పోస్టింగ్ అంటే చాలామంది మొహం చిట్లిస్తారు. నేనూ ఇష్టంగా వెళ్లలేదు. దవడ కండరం కోసి బద్దెపురుగు తిత్తులు వెతకడం, గొంతు దగ్గర లింఫ్ గ్రంథులు కోసి క్షయ గడ్డలు చూడటం, కళేబరానికీ కళేబరానికీ మధ్య కత్తిని 82 డిగ్రీల వేడినీళ్లలో ముంచడం. ఇదంతా పాతకాలపు పనిలా కనిపిస్తుంది. నిలబడి చూస్తే మాత్రం అక్కడే అసలు చర్చ నడుస్తోంది. ఇప్పుడు మాంసం ద్వారా మనుషులకు ఎక్కువగా వచ్చే సాల్మొనెల్లా, క్యాంపిలోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా కంటికి కనపడవు. కోసి, నొక్కి చూసే పరీక్ష వల్లే అవి ఒక కళేబరం నుంచి ఇంకోదానికి అంటుకునే ప్రమాదం ఉంది. అందుకే యూరోపియన్ యూనియన్ 2014 నుంచి పందుల విషయంలో మామూలుగా కోయకుండా కంటితో చూసే తనిఖీకి మారింది. వందేళ్ల అలవాటును లెక్కలు చూపించి మార్పించడం ఎలాగో తెలియాలంటే ఆ తడినేల మీద కొన్నాళ్లు నిలబడాల్సిందే.

ఏ దారి అంటారా, నాలుగు రకాలున్నాయి. పబ్లిక్ హెల్త్‌లోనో ఎపిడమియాలజీలోనో మాస్టర్స్ చేస్తే థియరీ గట్టిపడుతుంది. ఉద్యోగాల్లో, ముఖ్యంగా అంతర్జాతీయ సంస్థల్లో, ఆ కాగితం అడుగుతారు. ఫీల్డ్ ఎపిడమియాలజీ శిక్షణలు పని చేయిస్తూ నేర్పుతాయి, క్లాసు తక్కువ. వీటన్నిటికీ మూలం అమెరికాలో అలెగ్జాండర్ లాంగ్‌మ్యుయిర్ 1951లో మొదలుపెట్టిన ఎపిడమిక్ ఇంటెలిజెన్స్ సర్వీస్. అందులోకి పశువైద్యుల్ని కూడా తీసుకుంటారు. పశువైద్యుల కోసమే ఎఫ్ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) సాయంతో నడిచేవీ ఉన్నాయి. యూరోపియన్ కాలేజ్ ఆఫ్ వెటర్నరీ పబ్లిక్ హెల్త్, అమెరికన్ కాలేజ్ ఆఫ్ వెటర్నరీ ప్రివెంటివ్ మెడిసిన్ లాంటివి అనుభవం, శిక్షణ చూసి, పరీక్ష పెట్టి డిప్లొమేట్, అంటే స్పెషలిస్టు హోదా ఇస్తాయి. అది కొంత ముదిరాక చూసుకోవాల్సిన మెట్టు. ఇక ఆన్‌లైన్ సర్టిఫికెట్లు. రుచి చూడటానికి బాగుంటాయి, అంతకుమించి ఆశించకండి.

నన్నడిగితే, ఇప్పటికే ప్రాక్టీసులో ఉన్న మీకు ఫీల్డ్ శిక్షణే నప్పుతుంది. స్టాటిస్టిక్స్ భయం ఉంటే ముందే ఆర్ అనే సాఫ్ట్‌వేర్ దించుకుని చిన్నచిన్న లెక్కలు చేసి చూడండి, అది ఉచితం. నిజానికి చాలామందిని ఏడిపించేది లెక్కలు కాదు, రిపోర్టు రాయడం. ఆఫీసర్లు చదివే రెండు పేజీల్లో ఏం జరిగింది, ఇప్పుడు ఏం చేయాలి అని చెప్పడం మా బ్యాచ్‌లో సగం మందికి చివరిదాకా కొరుకుడు పడలేదు.

ఇంకో సంగతి ముందే తెలిసుంటే మంచిది. క్లినిక్‌లో మిమ్మల్ని చూస్తే రైతు మొహం విచ్చుకుంటుంది. ఈ పనిలో మొహం ముడుచుకుంటుంది, ఎందుకంటే మీ వెనకాలే సంత మూసివేత, రవాణా ఆంక్షలు, పశువుల్ని తీసేయడం వస్తాయి. నష్టపరిహారం సరిగ్గా అందని చోట జబ్బును దాచేస్తారు. దాచినవాళ్లను తిట్టి లాభం లేదు, వాళ్ల చోట ఉంటే మనమూ అదే చేస్తాం. ఆ మాటలు పడే ఓపిక లేకపోతే ల్యాబ్ వైపు వెళ్లడం మేలు.

చేరే ముందు రేబిస్ ముందస్తు టీకా వేయించుకోండి. పశువులకు బ్రూసెల్లా ఎస్19, రెవ్1 టీకాలు (బతికున్న సూక్ష్మజీవితో చేసినవి) వేసేటప్పుడు సూది గుచ్చుకుంటే మనిషికే జబ్బొస్తుందని మీకు తెలిసే ఉంటుంది. గ్లవ్స్, కళ్లద్దాలు, మాస్కు ఎవరిస్తారో, ప్రమాదం జరిగితే ఎవరు చూస్తారో కూడా అడిగి తెలుసుకోండి.

ప్రోగ్రాం మంచిదో కాదో తేల్చుకోవడానికి బ్రోషర్ చదవడం దండగ. పోయిన బ్యాచ్ వాళ్లెవరితోనైనా మాట్లాడి, వాళ్లు రాసిన ఒక అవుట్‌బ్రేక్ రిపోర్టు చూపించమనండి. ఫీల్డ్‌కు సూపర్‌వైజర్ వెంట వచ్చారా, ఫోన్లోనే నడిపించారా అడగండి. నమూనాలు ఏ ల్యాబ్‌కు వెళ్తాయో, ఫలితం ఎన్ని రోజులకొస్తుందో అడగండి. క్లాసులో మనుషుల డాక్టర్లు కూడా ఉన్నారా అన్నది నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. మా బ్యాచ్‌లో ఆ డాక్టరు లేకపోతే దొడ్డి ఊడ్చే ఆవిడ రక్తం ఎవరూ తీసేవారు కాదు.

సెలెక్షన్ ఇంటర్వ్యూకు వెళ్లేలోపు మీ క్లినిక్ రిజిస్టరే తీయండి. ఈ ఏడాది మీరు చూసిన పొదుగువాపు కేసులు ఏ ఇళ్ల నుంచి వచ్చాయో, ఆ ఇళ్లలో మొత్తం పాడి పశువులెన్నో, వాటిలో పొదుగువాపు రానివెన్నో కనుక్కుని ఒక పేజీలో రాసుకెళ్లండి. ఆ పని చేస్తూ విసుగొచ్చిందా, ఆసక్తి పెరిగిందా అన్నదాన్నిబట్టి ఈ శిక్షణ మీకు పడుతుందో లేదో మీకే తెలుస్తుంది. ఇంటర్వ్యూలో కూడా ఎక్కువగా అడిగేది దాని గురించే.