చాక్లెట్ సిస్ట్ ఉంటే ఎగ్స్ పాడైపోయినట్టేనా?

మీ వయసు 31, ఎడమ ఓవరీలో 4 సెంటీమీటర్ల చాక్లెట్ సిస్ట్ (పాత రక్తం నిండిన తిత్తి), ఏఎంహెచ్ (ఓవరీలో మిగిలిన ఎగ్స్‌ని అంచనా వేసే రక్తపరీక్ష) 1.1. ఐవీఎఫ్‌కి ముందు ఆపరేషన్ చేయించుకోవాలా, అసలు నా ఎగ్స్ పనికొస్తాయా అని అడిగారు. ఇదే ప్రశ్న పట్టుకుని నేనూ విశాఖలో రామ్‌నగర్ ఆసుపత్రుల చుట్టూ తిరిగాను.

నాకు 32 ఏళ్లప్పుడు, సిస్ట్ తీసేస్తే అంతా సర్దుకుంటుందన్నారు. ల్యాప్రోస్కోపీ చేయించుకున్నాను. నొప్పి నిజంగానే తగ్గింది. కానీ అంతకుముందు 2.3 ఉన్న ఏఎంహెచ్ ఆర్నెల్లకి 0.9 అయింది. సిస్ట్ గోడ ఒలిచేటప్పుడు దానికి అంటుకున్న మంచి కణజాలం కూడా కొంత పోతుంది, ఎగ్స్ ఉండేది అందులోనే. ఆ మాట ఆపరేషన్‌కి ముందు నాకెవరూ చెప్పలేదు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

రిపోర్టు చూసి ఇక నా ఎగ్స్ చెడిపోయాయనుకుని ఏడుస్తూ కూర్చున్నాను. తరవాత వెళ్లిన డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పారు. ఏఎంహెచ్‌ని బట్టి తెలిసేది ఎన్ని ఉన్నాయన్నదే, ఎలా ఉన్నాయన్నది కాదట. ఈ సిస్ట్‌కి కారణమైన ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం బయట పెరిగే జబ్బు) వల్ల ఓవరీ చుట్టూ వాపు ఉంటుంది, సిస్ట్‌లోని పాత రక్తంలో ఐరన్ పేరుకుంటుంది. దాంతో దొరికే ఎగ్స్ తగ్గొచ్చు, వాటిలో కొన్ని పక్వానికి రాకపోవచ్చు. అయితే ఆ ఎగ్స్‌తో తయారైన ఎంబ్రియోల (పిండాల) క్రోమోజోములు చూస్తే, అదే వయసులో ఈ జబ్బు లేనివాళ్లకీ మనకీ పెద్ద తేడా కనిపించలేదు. అక్కడ లెక్కకొచ్చేది ముఖ్యంగా వయసే. మీకు 31 అంటే అది మీకు కలిసొచ్చే విషయం.

నా మొదటి పికప్‌లో, అంటే ఓవరీ నుంచి సూదితో ఎగ్స్ తీసినప్పుడు, 5 ఎగ్స్ వచ్చాయి. 3 పక్వమైనవి, 2 ఫలదీకరణ అయ్యాయి. ఐదో రోజు పొద్దున ల్యాబ్ నుంచి ఫోన్ వస్తుందన్నారు. ఇంట్లో ఉండలేక మా ఆయనా నేనూ ఆర్కే బీచ్ గట్టు మీద కూర్చున్నాం, ఫోన్ నా ఒళ్లో. ఒక్కటే నిలిచిందన్నారు. ట్రాన్స్‌ఫర్ రోజు, అంటే ఎంబ్రియోని గర్భసంచిలో పెట్టే రోజు, ఎంబ్రియాలజిస్ట్ దాన్ని స్క్రీన్ మీద చూపించారు. గుండ్రటి బుడగ, లోపల ఒక పక్కన కణాల ముద్ద. ఆ ముద్దే బిడ్డ అవుతుందట, చుట్టూ ఉన్న పలచటి పొర మాయ అవుతుందట. "చాలా బాగుందమ్మా" అన్నారు. కానీ అది గర్భంగా నిలవలేదు. రెండోసారి పికప్‌లో 2 ఎంబ్రియోలు ఫ్రీజ్ చేశారు, వాటిలో రెండోది నిలిచింది. మా బాబుకి ఇప్పుడు మూడేళ్లు.

ఆపరేషనే వద్దని నేననడం లేదు. నొప్పి భరించలేకపోయినా, స్కాన్‌లో సిస్ట్ అనుమానంగా కనిపించినా, పికప్ సూది అందకుండా అడ్డొస్తున్నా చేయించుకోక తప్పదు. కేవలం ఐవీఎఫ్ సక్సెస్ కావాలని మాత్రం తొందరపడకండి. ఈఎస్‌హెచ్‌ఆర్‌ఈ అనే యూరప్ సంఘం 2022 మార్గదర్శకాల్లో కూడా, అందుకోసం మామూలుగా ఈ సర్జరీ చేయొద్దనే ఉంది.

ఈసారి వెళ్లినప్పుడు మీ డాక్టర్‌ని మూడు అడగండి: సిస్ట్ అలాగే ఉంచి పికప్ చేయగలరా, ఇన్ఫెక్షన్ రాకుండా యాంటీబయాటిక్ ఇస్తారా, ఒకవేళ ఆపరేషన్ తప్పదంటే ముందే ఎగ్స్ గానీ ఎంబ్రియోలు గానీ ఫ్రీజ్ చేసుకోవచ్చా. ఆ మూడోది నేను అడగలేకపోయాను.