జిప్సీకి తక్కువ ఖర్చులో 2 అంగుళాల లిఫ్ట్: ముందు కమాన్లు, తర్వాతే షాకిళ్లు

మీరు అడిగింది ఇదీ: పాత జిప్సీ కింగ్‌ని 2 అంగుళాలు ఎత్తాలి, ఖర్చు 20 వేలు దాటకూడదు, డ్రైవర్ వైపు కాస్త వాలి ఉంది, మెకానిక్ ‘బ్లాకులు పెడితే చాలు’ అన్నాడు.

బ్లాకుల సంగతి మొదట తేల్చేద్దాం. జిప్సీలో ముందూ వెనకా కమాన్ కట్టలు (పట్టీలు పేర్చిన స్ప్రింగులు) యాక్సిల్‌కి కింద బిగించి ఉంటాయి. ఆ రెండింటి మధ్యలో బ్లాకు, అంటే దిమ్మ పెడితే కమాన్ ఇంకా కిందికి జరుగుతుంది, ఛాసిస్ కూడా దాంతోపాటే దిగుతుంది. బండి లేవదు సరికదా, కుంగుతుంది. కమాన్ యాక్సిల్ మీద కూర్చునే బండ్లకే ఆ పద్ధతి. అదీ వెనకవైపే, ముందు యాక్సిల్‌కి ఎవరు చెప్పినా పెట్టించకండి.

ఇంకో మాట. కమాన్ల దగ్గర ఎంత ఎత్తినా డిఫరెన్షియల్ గుండు (యాక్సిల్ మధ్యలో గేర్లుండే ఉబ్బెత్తు భాగం) నేలకి ఎంత దూరంలో ఉందో అంతే దూరంలో ఉంటుంది. దాన్ని పైకి లేపేది టైరు ఒక్కటే. కింగ్‌కి కంపెనీ ఇచ్చిన 205/70 ఆర్15 టైరు ఎత్తు సుమారు 668 మి.మీ. 215/75 ఆర్15 వేస్తే 703, అంటే గుండు 18 మి.మీ. లేస్తుంది. 235/75 ఆర్15 అయితే 733, గుండు 33 మి.మీ. లేస్తుంది. కానీ ఆ టైరుతో స్పీడోమీటర్ 100 చూపినప్పుడు బండి 110 దగ్గర పోతుంటుంది, పికప్ కూడా తగ్గుతుంది. మీ వాడకం చెరువు గట్లు, గుట్ట దారులే అయితే 215 చాలు. దానికి 2 అంగుళాల లిఫ్ట్ అవసరమే లేదు, ఒక్క అంగుళమే ఎక్కువ.

అయినా మీరడిగిన 2 అంగుళాలే కావాలంటే పని ఇలా. బండిని చదును నేల మీద పెట్టి, నాలుగు టైర్లలో గాలి సమానం చేసి, చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచుదాకా నాలుగు వైపులా కొలిచి రాసుకోండి. కుడి ఎడమల మధ్య 10 మి.మీ. కంటే తేడా ఉంటే ఆ వైపు కమాన్ కూర్చుండిపోయింది, లేదా బుష్‌లు అరిగాయి. మీ బండి వాలడానికి కారణం ఇదే అయ్యుంటుంది. కుంగిన కమాన్‌కి పొడుగు షాకిల్ (కమాన్ కొసని ఛాసిస్‌కి తగిలించే, ఊగే ప్లేట్ల జత) వేస్తే వంకర అలాగే ఉండి, ఎత్తు మాత్రం పెరుగుతుంది.

కట్టలు నాలుగూ దింపి విప్పించండి. సెంటర్ బోల్టు రంధ్రం చుట్టూ సన్నటి పగుళ్లు ఉంటాయి, వైర్ బ్రష్‌తో తుప్పు రుద్దితే గానీ కనబడవు. పగిలిన పట్టీ మార్చాల్సిందే, వెల్డింగ్ పనికిరాదు. మిగతా పట్టీలకి వంపు ఎక్కించమనండి, కానీ చల్లగానే, సుత్తితోనో ప్రెస్‌తోనో. గ్యాస్ మంట పెట్టి వంచితే స్టీలులో పదును పోతుంది, కొన్నాళ్లకే మళ్లీ చదునైపోతుంది. మంట పెట్టిన చోట నీలం మచ్చ మిగులుతుంది, డెలివరీ తీసుకునేటప్పుడు చూసుకోండి. వంపు ఎక్కిందో లేదో తెలియాలంటే కమాన్ ఒక కొసన ఉన్న కన్ను (బోల్టు దూరే చుట్ట) నుంచి రెండో కొస కన్నుకి దారం లాగి మధ్యలో లోతు కొలవండి, కుడి ఎడమలు ఒకేలా రావాలి. బాగా కుంగిన కట్టలకి ఈ ఒక్క పనితోనే 20, 25 మి.మీ. తిరిగి వస్తుంది. అదనపు పట్టీ వేస్తామంటారు, వద్దనండి. జిప్సీ బరువు టన్నుకి అటూ ఇటూ. దానికి ఇంకో పట్టీ కలిపితే గుంతలో చక్రం దిగకుండా గాల్లో తేలుతుంది.

మిగిలిన అంగుళం కోసం షాకిళ్లు. లెక్క తేలిక: షాకిల్ పొడుగు ఎంత పెంచితే అందులో సగమే లిఫ్ట్. పాత షాకిల్ రెండు రంధ్రాల మధ్య దూరం కొలిచి దానికి 50 మి.మీ. కలపండి, 25 మి.మీ. లేస్తుంది. 8 లేదా 10 మి.మీ. మందం ప్లేటుతో చేయించండి. రంధ్రాలు డ్రిల్‌తోనే వేయాలి. గ్యాస్‌తో కోస్తే గుండ్రంగా రావు, బోల్టు ఆడుతూ రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి తిరుగుతుంది. రెండు ప్లేట్ల మధ్యలో అడ్డంగా ఒక పైపు పెట్టి బోల్టుతో బిగిస్తే, పక్క వాలులో షాకిల్ ఒరగదు. బోల్టులు 8.8 గ్రేడుకి తగ్గకూడదు. పాత షాకిల్‌కి ముక్క అతికించి వెల్డ్ చేసింది ఎవరైనా ఇస్తే తీసుకోకండి.

చిక్కంతా ముందువైపు వస్తుంది. జిప్సీకి ముందు కమాన్ల షాకిళ్లు బంపర్ వైపు ఉంటాయి. అక్కడ పొడుగు పెంచితే కమాన్ ముందు కొస కిందికి దిగి, యాక్సిల్ ముందుకి తిరిగి, క్యాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలి ఉండే కోణం) తగ్గుతుంది. 50 మి.మీ. పెంచితే పోయేది దాదాపు 3 డిగ్రీలు. అప్పుడు స్టీరింగ్ తనంతట తాను మధ్యకి రాదు, 60 దాటితే బండి రోడ్డు మీద ఈదుతుంది. మెకానిక్‌లు దీన్ని స్టీరింగ్ బాక్స్ ప్లే, అంటే వదులు అనుకుని బాక్స్ బిగిస్తారు, దాంతో ఇంకా చెడుతుంది. మందు ఏమిటంటే, కమాన్‌కీ యాక్సిల్ సీటుకీ మధ్య 3 డిగ్రీల వెడ్జ్ ప్లేటు (ఒకవైపు మందంగా, ఇంకోవైపు పల్చగా ఉండే ప్లేటు) పెట్టి యాక్సిల్‌ని వెనక్కి తిప్పడం. స్టీలువి తీసుకోండి, అల్యూమినియంవి నలుగుతాయి. వెనకవైపు షాకిల్ పెంచితే డిఫరెన్షియల్ ముక్కు పైకి చూస్తుంది, ప్రొపెల్లర్ షాఫ్ట్ రెండు చివర్ల కోణాలు సమానంగా ఉండవు. 60, 70 మధ్య సీటు కింద వణుకు వస్తే అక్కడా వెడ్జ్ వేసి ముక్కు దించాలి.

తర్వాత ఛాసిస్‌ని జాకీల మీద ఎత్తి, కింద స్టాండ్లు పెట్టి, యాక్సిళ్లు పూర్తిగా వేలాడనివ్వండి. బ్రేక్ హోసులు బిగుసుకుంటున్నాయా చూడండి. స్టీరింగ్‌ని రెండు వైపులా చివరిదాకా తిప్పి కూడా చూడాలి. బిగుసుకుంటే పొడుగు హోసు వేయాలి, ఇందులో సర్దుబాటు లేదు. ప్రొపెల్లర్ షాఫ్ట్ స్ప్లైన్లు (ఒకదాంట్లో ఒకటి జారే పళ్లు) చాలినంత లోపల ఉన్నాయా చూడండి. ఈ స్థితిలో షాక్ అబ్జార్బర్ పై మౌంటు నుంచి కింది మౌంటుకి దూరం కొలవండి, కొత్త షాక్ పూర్తిగా సాగినప్పటి పొడుగు దానికంటే 20 మి.మీ. ఎక్కువ ఉండాలి. లేకపోతే బరువంతా షాక్ మీద వేలాడి కొన్నాళ్లకే సీల్ కారుతుంది. మీ 20 వేలల్లో పెద్ద వాటా షాకులదే. కాబట్టి ముందు కొలత, తర్వాతే కొనుగోలు.

కమాన్‌ని యాక్సిల్‌కి పట్టి ఉంచే యూ బోల్టులు కొత్తవే వేయండి, సాగిన పాతవి మళ్లీ పట్టు ఇవ్వవు. షాకిల్, కన్ను బోల్టులు మాత్రం బండి చక్రాల మీద నిలబడ్డాకే చివరిగా బిగించాలి. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు బుష్ మెలితిరిగి చీలుతుంది. 100 కి.మీ. తర్వాత యూ బోల్టులు మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కి (బిగింపు కొలతకి) మళ్లీ చూడండి, 500 దగ్గర ఇంకోసారి. టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత) కూడా చూపించుకోండి.

ఇంకా టైరు తగులుతుంటే బాడీ మౌంట్ల కింద 25 మి.మీ. నైలాన్ దిమ్మలు చవక మార్గం. అప్పుడు బాడీ లేస్తుంది కాబట్టి స్టీరింగ్ షాఫ్ట్, ఫ్యాన్ కవరు, పెట్రోల్ నింపే గొట్టం, ఎర్త్ వైర్లు చూసుకోవాలి. కమాన్‌ని యాక్సిల్ పైకి మార్చే పని ఈ బడ్జెట్‌లో ఆలోచించకండి. 5 అంగుళాలు లేస్తుంది నిజమే, కానీ యాక్సిల్ మీద కమాన్ కూర్చునే సీట్లు వెల్డ్ చేయాలి, డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్స్ నుంచి చక్రాల వైపు పోయే కడ్డీ) వంచి కొత్తది చేయించాలి, బ్రేక్ వేసినప్పుడు యాక్సిల్ మెలితిరగకుండా కట్టాలి. చక్రాల మధ్య వెడల్పు 1.3 మీటర్లే ఉన్న బండి అంత ఎత్తు లేస్తే పక్క వాలులో బోల్తా పడడం తేలిక.

చట్టం సంగతీ తెలిసే దిగండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆర్‌సీకి భిన్నంగా మార్చనివ్వదు. 2019 సవరణతో వచ్చిన 182ఎ ప్రకారం ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, 6 నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. కుంగిన కమాన్లకి వంపు ఎక్కించి పాత ఎత్తుకి తేవడం మరమ్మతే. షాకిళ్లు, పెద్ద టైర్లు మరమ్మతు కిందికి రావు, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట పట్టుకునేది వాటినే.