ఫిట్స్ మందులు: డోసు మారితే ఎందుకంత జాగ్రత్త?

ప్రశ్న: మా అమ్మాయికి 22 ఏళ్లు. ఫిట్స్‌కు వాల్‌ప్రోయేట్ వాడుతోంది. ఇప్పుడు డాక్టరుగారు లామోట్రిజిన్ 25 మి.గ్రా. రోజు విడిచి రోజు వేసుకోమన్నారు. ఇంత తక్కువ డోసు పనిచేస్తుందా? రోజూ వేస్తే తొందరగా గుణం కనిపించదా? ఎప్పుడైనా మర్చిపోతే ఏం చేయాలి?

జవాబు: రోజూ వేయకండి. ఆ చీటీలో పొరపాటేమీ లేదు. లామోట్రిజిన్‌ను కాలేయం వదిలించుకునే పనిని వాల్‌ప్రోయేట్ నెమ్మది చేస్తుంది. దాంతో అదే మాత్ర రక్తంలో దాదాపు రెట్టింపు నిలుస్తుంది. అందుకే రెండూ కలిసినప్పుడు పెద్దవాళ్లకు మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు 25 మి.గ్రా., తర్వాత రెండు వారాలు రోజూ 25, ఆపైన మెల్లగా పెంచుతారు. ఫిట్స్ మీద గుణం అప్పటిదాకా కనిపించకపోవచ్చు.

తొందరపడి పెంచితే భయం దద్దుర్లతో. చాలావరకు మామూలువే వస్తాయి. కొన్ని మాత్రం స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్‌గా ముదిరి, చర్మం పొరలుగా ఊడి ప్రాణం మీదికి తెస్తాయి. ఎక్కువగా మొదటి 8 వారాల్లోనే. కొత్త దద్దురు ఏది కనిపించినా అదే రోజు డాక్టరుకు చెప్పండి. జ్వరం, నోట్లో పుండ్లు, కళ్లు ఎర్రబడడం తోడైతే నేరుగా ఆస్పత్రికే. ఆ వారాల్లో కొత్త సబ్బులు, క్రీములు మొదలుపెట్టకపోతే మేలు. దద్దురు దేనివల్లో తేల్చడం సులువవుతుంది.

మాత్ర వేసే తేదీలకు క్యాలెండర్‌లో ముందే సున్నా చుట్టి, వేయగానే కొట్టేయండి. మర్చిపోతే తర్వాత రెండు కలిపి వేయకూడదు. అయిదు రోజులకు మించి ఆగిపోతే పాత డోసు అందుకోకుండా డాక్టరును అడగండి, మళ్లీ కింది నుంచి ఎక్కించాల్సి రావచ్చు. ఈ సంగతి చాలామందికి తెలియదు.

అడగకపోయినా ఇంకొకటి. గర్భంతో ఉండగా వాల్‌ప్రోయేట్ వాడితే పుట్టే ప్రతి 100 మంది పిల్లల్లో దాదాపు 10 మందికి పుట్టుకతో లోపాలు ఉంటాయి. పెళ్లి, పిల్లల ఆలోచన ఉంటే ముందే డాక్టరుతో మాట్లాడండి. అంతేగాని సొంతంగా ఆపకూడదు. ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ వరసకట్టి వస్తాయి. ఫిట్ 5 నిమిషాలు దాటితే అది ఎమర్జెన్సీ. పైగా వాల్‌ప్రోయేట్ తగ్గితే లామోట్రిజిన్ కూడా రక్తంలో పడిపోతుంది కాబట్టి రెండు డోసులూ కలిపే సరిచూడాలి.

ప్రశ్న: మా నాన్నగారికి ఫెనిటోయిన్ 300 మి.గ్రా. నుంచి 400కు పెంచారు. ఫిట్స్ రాలేదుగానీ తూలుతున్నారు, మాట ముద్దగా వస్తోంది. పెరిగింది వందే కదా?

జవాబు: ఫెనిటోయిన్ విషయంలో ఆ లెక్క కుదరదు. దాన్ని కాలేయం ఒక హద్దు వరకే అరాయించుకోగలదు. హద్దు దాటాక కాస్త పెంచినా రక్తంలో విపరీతంగా పేరుకుంటుంది. ఆ దశలో పెంచాల్సి వస్తే 25, 50 చొప్పునే పెంచడం క్షేమం. మీరు చెప్పినవి మందు ఎక్కువైన గుర్తులే. కనుపాపలు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయేమో కూడా చూడండి. ఈ రోజే డాక్టరుకు చెప్పి, తర్వాతి డోసు వేయాలో వద్దో అడగండి. రక్తంలో మందు ఎంతుందో పరీక్ష చేయిస్తారు. పెద్దలకు మామూలుగా మిల్లీలీటరుకు 10–20 మైక్రోగ్రాములు ఉండాలి. వయసు పైబడినవారిలో ఆల్బుమిన్ (రక్తంలో మందును పట్టి ఉంచే ప్రొటీన్) తక్కువైతే రిపోర్టు బాగానే ఉన్నా మందు ఎక్కువై ఉండొచ్చు, కాబట్టి ఆల్బుమిన్ కూడా చూడమనండి. తూలుడు తగ్గేదాకా మెట్ల దగ్గర ఒకరు తోడుండాలి, స్నానాల గది గడియ పెట్టుకోనివ్వకండి.