పరుగు వచ్చు, టాకిల్ రాదు: సెవెన్స్‌లోకి వెళ్లొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయికి పదహారేళ్లు. 400 మీటర్ల పరుగులో శిక్షణ తీసుకుంటోంది. పారిస్ ఒలింపిక్స్‌లో రగ్బీ సెవెన్స్ చూసినప్పటి నుంచి అదే ధ్యాస. పరుగు మానేసి ఆ ఆటలో చేరతానంటోంది. ఈ వయసులో మొదలుపెడితే పైకి రాగలదా? దెబ్బలు తగులుతాయని భయంగా ఉంది. చదువు ఏమవుతుందన్నది మరో దిగులు. ఏం చేయమంటారు? - ఒక తల్లి

జవాబు: పరుగు మానాలా వద్దా అన్నది ఇప్పుడే తేల్చనక్కర్లేదమ్మా. ముందు మీ అమ్మాయి టాకిల్ చేయడం నేర్చుకోవాలి. ఎదురుగా పరుగెత్తుకొస్తున్న మనిషిని భుజంతో ఆపి, కింద పడేసి, వెంటనే లేచి నిలబడటం తనకు నచ్చుతుందో లేదో ఒక్క సీజన్‌లో తెలిసిపోతుంది. నచ్చకపోతే ఎంత వేగం ఉన్నా ఈ ఆటలో ఎక్కువ కాలం ఉండలేదు.

వయసు గురించి బెంగ వద్దు. వేరే ఆటల నుంచి వచ్చి పైకెదిగిన వాళ్లు సెవెన్స్‌లో చాలామంది ఉన్నారు. న్యూజిలాండ్ తరఫున టోక్యోలోనూ పారిస్‌లోనూ స్వర్ణం గెలిచిన పోర్షియా వుడ్‌మన్ అంతకుముందు నెట్‌బాల్ ఆడేది. అమెరికా ఆటగాడు కార్లిన్ ఐల్స్ 100 మీటర్ల స్ప్రింటర్‌గా ఉండి 2012లో ఇటు వచ్చాడు. దీనికి కారణం ఆట స్వరూపంలోనే ఉంది. మామూలు రగ్బీలో జట్టుకు పదిహేను మంది ఆడే మైదానంలోనే ఇక్కడ జట్టుకు ఏడుగురు ఆడతారు. పొడవు 100 మీటర్లు, వెడల్పు 70 మీటర్ల వరకు ఉండే ఆ చోటును కాపాడాల్సింది ఆ ఏడుగురే. స్క్రమ్‌లో, అంటే రెండు జట్లవాళ్లూ వంగి భుజాలు ఆనించి నెట్టుకునే గుంపులో, జట్టుకు ఎనిమిది మంది బదులు ముగ్గురే ఉంటారు. అందుకే భారీ శరీరాల కంటే కాళ్లకు విలువ ఎక్కువ. అర్ధభాగానికి 7 నిమిషాలు, మధ్యలో 2 నిమిషాల విరామం. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. కానీ టోర్నీలో ఒకే రోజు రెండు మూడు మ్యాచ్‌లు ఆడాల్సి వస్తుంది.

పారిస్‌లో అమెరికా, ఆస్ట్రేలియా మహిళల కాంస్య పోరు మీ అమ్మాయి చూసే ఉంటుంది. అమెరికా 7-12తో వెనకబడి, సమయం అయిపోతుండగా ఆ జట్టు అమ్మాయి అలెక్స్ సెడ్రిక్ తనను పట్టుకోబోయిన వాళ్లను విదిలించుకుని దాదాపు మైదానమంతా పరుగెత్తి ట్రై చేసింది, అంటే బంతిని అవతలి గీత దాటించి నేలకు ఆనించింది. ట్రై తర్వాత గోల్ కర్రల మధ్యకు కొట్టే కన్వర్షన్ కిక్ కూడా తనే కొట్టి 14-12తో గెలిపించింది. అది చూశాక ఈ ఆట మీద మనసు పడకపోతేనే ఆశ్చర్యం. అయితే ఆ పరుగు ఒక్కటే ఆట కాదని తనకు తెలియాలి. ఈసారి మ్యాచ్ చూసేటప్పుడు బంతిని వదిలేసి మిగతావాళ్లను గమనించమనండి. కింద పడ్డవాళ్లలో ముందు ఎవరు లేస్తున్నారు? ట్రై తర్వాత కిక్‌ను గాల్లో ఎవరు అందుకుంటున్నారు? సెవెన్స్‌లో ట్రై చేసిన జట్టే మళ్లీ కిక్ కొట్టి ఆట మొదలుపెడుతుంది. అంటే ఆ బంతి మామూలుగా అవతలి జట్టుకు వెళ్తుంది. కిక్ కొట్టిన జట్టే దాన్ని గాల్లోనే ఎగిరి దక్కించుకుంటే వరసగా రెండు మూడు ట్రైలు చేసేస్తుంది, అవతలివాళ్లకు బంతి తాకే అవకాశం కూడా ఉండదు. చూసేవాళ్లు చాలామంది ఆ కొద్ది సెకన్లలో చప్పట్లు కొడుతూ స్కోరు బోర్డు వైపు చూస్తుంటారు. నన్నడిగితే మ్యాచ్ తిరిగేది అక్కడే.

ఇక శిక్షణ. 400 మీటర్ల రన్నర్‌కి ఊపిరి, ఓర్పు సగం సిద్ధంగా ఉంటాయి. లేనిది ఆగడం. ట్రాక్ మీద ఒకే దిశలో, నిటారుగా పరుగెత్తడం అలవాటు. ఇక్కడ పూర్తి వేగంలో ఉండగా రెండడుగుల్లో ఆగి, నడుము వంచి, పక్కకు తిరగాలి. మొదటి నెలల్లో కొత్త వేగం కోసం కాకుండా ఈ ఆగడం, తిరగడం మీదే కోచ్ పని చేయించాలి. అమ్మాయిల్లో ఏసీఎల్ అనే మోకాలి లోపలి లిగమెంట్ గాయాలు ఎక్కువ. అవి చాలావరకు ఎవరూ తగలకుండానే, దిశ మార్చేటప్పుడో దూకి దిగేటప్పుడో అవుతాయి. వరల్డ్ రగ్బీ సంస్థ 'యాక్టివేట్' అనే వార్మప్ కార్యక్రమాన్ని ఉచితంగా అందుబాటులో ఉంచింది. కాళ్ల నియంత్రణ, మెడ బలం రెండూ అందులో ఉంటాయి. ఆటకు ముందు అది చేయించని చోట చేర్చకండి.

ఓర్పును కొలవడానికి రగ్బీలో బ్రోంకో అనే పరీక్ష పెడతారు. 20, 40, 60 మీటర్ల గీతల దాకా వెళ్లి వెనక్కి రావడం ఒక రౌండు. అలా ఆగకుండా ఐదు రౌండ్లు చేస్తే 1200 మీటర్లు. మీ అమ్మాయి దాంట్లో బాగానే చేస్తుందని నా అంచనా. అసలు కష్టం ఆ తర్వాత వస్తుంది. రొప్పుతూ ఉండగా ఎడమ చేతి వైపు పది మీటర్ల పాస్ సరిగ్గా వేయగలగాలి. బంతిని చేత్తో ముందుకు విసరకూడదు కాబట్టి, పరుగెత్తుతూ పక్కకో వెనక్కో వేయాలి. కొత్తవాళ్లకు ఒక వైపు వచ్చిన పాస్ రెండో వైపు రాదు. రోజూ పావుగంట ఇంటి గోడకు కొట్టినా పాస్ మెరుగవుతుంది. కన్వర్షన్‌కి డ్రాప్ కిక్ (బంతిని చేతిలోంచి నేల మీదకు వదిలి, అది పైకి లేస్తుండగా తన్నడం) కొట్టాలి గనుక దాన్నీ మొదటి నుంచే సాధన చేయమనండి. కిక్ వచ్చినవాళ్లు ప్రతి జట్టులో కొద్దిమందే.

దెబ్బల భయం ఉత్త భయం కాదు. ఇది ఒళ్లూ ఒళ్లూ తగిలే ఆట, గాయాలు అవుతాయి. కానీ టాకిల్ నేర్పే పద్ధతిని బట్టి తేడా చాలా ఉంటుంది. మంచి కోచ్ మొదట టచ్ రగ్బీ, అంటే పడేయకుండా చేత్తో తాకితే చాలనే ఆట, ఆడిస్తాడు. తర్వాత మోకాళ్ల మీద నిలబెట్టి, ఆపైన నడకలో, చివరికి పరుగులో టాకిల్ నేర్పిస్తాడు. తల ఎప్పుడూ అవతలి మనిషి ఒంటికి పక్కగానో వెనకగానో ఉండాలి, ముందుకు అడ్డంగా పెట్టకూడదు. చూపు పైకి ఉండాలి. భుజం తగలాలి, చేతులు చుట్టాలి. భుజాల గీతకు పైన పట్టుకోవడం నిబంధనలకు విరుద్ధం. దంతవైద్యుడి దగ్గర కొలత ఇచ్చి చేయించుకున్న మౌత్‌గార్డ్ లేకుండా మైదానంలో అడుగు పెట్టనివ్వకండి. తలకు దెబ్బ తగిలి కంకషన్ (మెదడు అదిరిన గాయం) అనుమానం వస్తే ఆమెను వెంటనే బయటకు తేవాలి, ఆ రోజు మళ్లీ ఆడించకూడదు, డాక్టర్ చూశాక మెట్టు మెట్టుగా ఆటలోకి రావాలి. క్లబ్బుకు వెళ్లినప్పుడు ఈ విషయం నేరుగా అడగండి. 'చిన్న దెబ్బలకి ఏం కాదండీ' అన్న జవాబు వస్తే మర్యాదగా లేచి వచ్చేయండి.

ఉద్యోగం మాటకొస్తే, సెవెన్స్ ఆడి బతికేవాళ్లు ప్రపంచంలోనే తక్కువ. పూర్తికాల కాంట్రాక్టులు ఇచ్చే దేశాలు కొన్నే. అవి కూడా జాతీయ జట్టు దరిదాపుల్లో ఉన్నవాళ్లకే. మ్యాచ్‌కు జట్టులో ఉండేది పన్నెండు మంది. పైగా ఒక్క గాయంతో రెండు సీజన్లు పోవచ్చు. కాబట్టి చదువు ఆపి ఆడటమనే ఆలోచన పెట్టుకోవద్దని గట్టిగా చెప్పండి. మీ అమ్మాయి చూసిన ఆ కాంస్య జట్టులోనే ఉన్న ఇలోనా మాహెర్ నర్సింగ్ డిగ్రీ చేసింది. ఫిజియోథెరపీ, స్పోర్ట్స్ సైన్స్, వీడియో అనాలిసిస్ లాంటివి చదివితే ఆట తెలియడం అక్కడ అదనపు అర్హత అవుతుంది. రిఫరీయింగ్ ఇంకో దారి, దాన్ని మన పిల్లలు అసలు పట్టించుకోరు. నిబంధనలు క్షుణ్ణంగా తెలిసి, ఆటగాళ్లతో సమానంగా పరుగెత్తగలిగే అమ్మాయిలు ఆ పనికి కావాలి. 400 మీటర్ల రన్నర్‌కి అంతకంటే సరిపోయే పని ఏముంటుంది! నిబంధనల మీద వరల్డ్ రగ్బీ ఉచిత ఆన్‌లైన్ కోర్సులు నడుపుతోంది. పరీక్షల తర్వాతి సెలవుల్లో పూర్తి చేయొచ్చు.

ఇప్పుడు చేయాల్సింది ఇది. ఈ అథ్లెటిక్స్ సీజన్ అయ్యేవరకు 400 మీటర్లు వదలొద్దు. వారానికి రెండు రోజులు రగ్బీకి పంపండి, ఆ రెండు రోజులూ ట్రాక్ మీద గట్టి సెషన్ పెట్టకుండా ఇద్దరు కోచ్‌లతోనూ మాట్లాడి కుదర్చండి. ఇద్దరూ తమ ఆటే ముఖ్యమంటారు, అప్పుడు నిర్ణయించాల్సింది మీరే. మొదటి రెండు మూడు టాకిల్ సెషన్లకు మీరూ వెళ్లండి. దూరంగా కూర్చోండి, కేకలేయకండి. ఒళ్లంతా మట్టితో ఇంటికొచ్చి, తను వేసిన ట్రై గురించి కాకుండా తను ఆపిన మనిషి గురించి చెప్పడం మొదలుపెడితే మళ్లీ నాకు రాయండి. అప్పుడు ట్రయల్స్ గురించి, కాలేజీ ఎంపిక గురించి మాట్లాడుకుందాం.