పోర్ట్‌ఫోలియోతో చదువు తెలుస్తుందా? చదివేవాళ్లుంటే తెలుస్తుంది

ఎంబీబీఎస్ పిల్లల చేత లాగ్‌బుక్కులు (వార్డులో చేసిన పనులు రాసే పుస్తకాలు), రిఫ్లెక్షన్లు (వాటి నుంచి ఏం నేర్చుకున్నామో రాసుకునే మాటలు) రాయించి, అన్నీ కలిపి పోర్ట్‌ఫోలియో అంటున్నారు కదా, వాళ్లు నేర్చుకున్నదేంటో దాంతో నిజంగా తెలుస్తుందా అని అడిగారు. తెలుస్తుంది. థియరీ పేపర్ కన్నా బాగా తెలుస్తుంది. కాకపోతే దాన్ని ఎవరో ఒకరు చదవాలి. మన దగ్గర సంతకాలు పెడతారు, చదవరు.

నేను జనరల్ మెడిసిన్‌లో పాఠాలు చెబుతాను. 2019 బ్యాచ్‌తో కొత్త సిలబస్ వచ్చాక ప్రతి విద్యార్థికీ లాగ్‌బుక్ తప్పనిసరైంది. ఇంటర్నల్స్ దగ్గర పడగానే అవన్నీ డిపార్ట్‌మెంట్ బల్ల మీద గుట్టగా పడతాయి. సగం వాటిలో ఒకటే వాక్యం: 'రోగితో సానుభూతిగా మాట్లాడాలని తెలుసుకున్నాను.' సీనియర్ల పీడీఎఫ్ వాట్సాప్‌లో తిరుగుతుంటుంది, స్పెల్లింగ్ తప్పులతో సహా దించేస్తారు.

అలాంటి గుట్టలోనే ఒక కుర్రాడి పుస్తకం నన్ను ఆపేసింది. థియరీలో ఎప్పుడూ అత్తెసరు మార్కులే. ఇన్సులిన్ పేజీలో ఒక పెద్దాయన గురించి రాశాడు. షుగర్ తగ్గట్లేదని పీజీ చేస్తున్న డాక్టర్ డోసు పెంచబోతున్నాడు. వీడేమో 'తాతా, ఇంట్లో ఎలా తీసుకుంటావో ఓసారి చూపించు' అన్నాడట. ఆయన సంచిలోంచి సీసా తీసి, సిరంజీలో 20 గీత దాకా మందు లాగాడు. సీసా మిల్లీలీటరుకు 40 యూనిట్లది. సిరంజీకేమో నారింజ మూత, అంటే 100 యూనిట్ల ఇన్సులిన్‌కి వాడేది. 40 యూనిట్ల సీసాకి వాడాల్సిన ఎర్రమూతవి అయిపోయాయని మందుల షాపులో అది అంటగట్టారు. ఆ సిరంజీలో 20 గీతంటే మిల్లీలీటరులో అయిదో వంతే. అంటే 20 అనుకుని ఆయన వేసుకుంటున్నది 8 యూనిట్లు! అది తెలియక డోసు పెంచేసి, ఆనక ఎవరైనా సరైన సిరంజీతో వేసి ఉంటే షుగర్ ఎంతకు పడిపోయేదో.

కొన్ని పేజీల తర్వాత వేరే రోగి. అక్కడ మొదటి వాక్యమే 'ముందు మూత రంగు చూశాను' అని ఉంది. వాడు నేర్చుకున్నాడనడానికి నాకు ఇంకో రుజువు అక్కర్లేదు. 'ఇన్సులిన్ రకాలు వ్రాయుము' అని అడిగితే ఇది బయటపడేదా?

వైద్యవిద్య నిపుణుడు జార్జ్ మిల్లర్ 1990లో విద్యార్థి నేర్పుని కొలవడానికి నాలుగు మెట్లు చెప్పాడు: తెలుసు, ఎలాగో తెలుసు, చేసి చూపగలడు, చేస్తున్నాడు. ప్రాక్టికల్ పరీక్ష ఎంత బాగా పెట్టినా మూడో మెట్టు దాటదు. నాలుగోది వార్డులో ఎవరూ చూడనప్పుడు జరిగేది. అది కాస్త కనిపించేది ఇలాంటి పుస్తకంలోనే.

ఇంకో మాట, రిఫ్లెక్షన్లకి మార్కులు వెయ్యకూడదు. మార్కులంటే మంచిమాటలే రాస్తారు, భయముంటే అవీ రాయరు. బ్రిటన్‌లో ఓ పిల్లవాడి మరణానికి శిక్ష పడిన హడీజా బావా-గార్బా అనే డాక్టర్ కేసు 2018లో పెద్ద గొడవైంది. ఆవిడ రాసుకున్న రిఫ్లెక్షన్‌ని కోర్టులో ఆవిడ మీదే వాడారని ప్రచారం జరిగింది. జ్యూరీ ముందు అది పెట్టనేలేదని చెప్పినా, అక్కడి జూనియర్ డాక్టర్లు ఉన్నదున్నట్టు రాయడానికి జంకారు. మన పిల్లలకి కోర్టుదాకా ఎందుకు, హెచ్‌ఓడీ చదువుతారంటే చాలు.

నేనైతే ఎంట్రీల లెక్క మానేసి, ఒక్కొక్కరినీ మూడు కేసులు ఎంచుకోమని, వాటి మీద పది నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడిస్తాను. దించిన వాడు రెండో ప్రశ్నకే దొరికిపోతాడు. 150 మందికి పాతిక గంటలవుతుంది, అంత టైం ఎక్కడిదని మా డిపార్ట్‌మెంట్‌లోనే అడుగుతారు. ఇన్‌స్పెక్షన్ వస్తోందంటే రిజిస్టర్లు నింపడానికి మాత్రం అందరం రాత్రిళ్లు కూడా కూర్చుంటాం. ఆ టైంలోంచి ఈ పాతిక గంటలు తీసి ఇస్తే సరి.